పొలంలో కరెంట్ వచ్చిందో లేదో ఇంట్లోంచే చూపించే రేడియో లింక్: కడుతూ కడుతూ రేడియో ఫ్రీక్వెన్సీ (ఆర్ఎఫ్) భాగాలన్నీ నేర్చుకుందాం

ఒడిశాలో మా గుణుపురం చుట్టుపక్కల పొలాలకి త్రీఫేజ్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మా చిన్నాన్న పొలం ఇంటికి మూడు కిలోమీటర్లు, వంశధార గట్టు పక్కనుంచి వెళ్ళాలి. రాత్రి పదకొండుకి బండేసుకుని వెళ్ళేవాడు, లేదని తిరిగొచ్చేవాడు, తీరా పడుకున్నాక వచ్చేది. ఫోన్‌తో ఆన్ అయ్యే స్టార్టర్ పెట్టుకోమంటే పొలం దగ్గర కొండ అడ్డం, సిగ్నల్ ఒక గీత వస్తే పండగ. "ఒరేయ్, వైర్‌లెస్సూ రేడియో అని తెగ మాట్లాడతావు కదా, నాకో లైట్ పెట్టి ఇవ్వు, కరెంటొస్తే ఇంట్లో వెలగాలి, అంతే" అన్నాడు ఒకరోజు. ఆ అంతే అన్న మాట వెనక నాకు రెండు నెలలు పట్టింది, ఇప్పుడు ఎవరైనా చేస్తే రెండు ఆదివారాల్లో అయిపోతుంది, ఎందుకంటే నేను చేసిన తప్పులు మీరు చెయ్యక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు ముందే చెప్పేస్తా. రేంజ్ రావట్లేదనగానే నేను ఎక్కువ పవర్ ఉన్న మాడ్యూల్ కొన్నాను. డబ్బు దండగ. పవర్ పెంచడం అన్నది అన్నీ అయ్యాక ఆఖర్న ఆలోచించాల్సింది, ముందు చూడాల్సింది యాంటెనా, కేబుల్, ఎత్తు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను.

ముందు రెండు పాత రేడియోలు తెచ్చుకోండి

ఏదీ కొనకముందు ఈ ప్రయోగం చెయ్యండి, పైసా ఖర్చు లేదు. మీడియం వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ సెట్లు రెండు కావాలి, ముల్లు తిప్పే రకం, అంకెలు చూపించే కొత్త డిజిటల్ రకం పనికిరాదు. మొదటిదాన్ని విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి, స్టేషన్ వినపడకపోయినా పర్లేదు, వాల్యూమ్ తగ్గించెయ్యండి. రెండోదాన్ని దాని పక్కనే ఆనించి పెట్టి 1380 చుట్టూ మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. ఒకచోట ఆ బుస్సుమనే మోత చటుక్కున తగ్గిపోతుంది, లేదా సన్నగా ఈల వస్తుంది. ఇప్పుడు మొదటి రేడియో ముల్లు కొంచెం కదపండి, ఆ చోటు జరిగిపోతుంది.

అంటే ఏంటి? వినడానికి మాత్రమే చేసిన రేడియో కూడా లోపల ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ నడుపుతోందన్నమాట. దాన్ని లోకల్ ఆసిలేటర్ అంటారు. వచ్చిన సిగ్నల్ 927, ఆసిలేటర్ 1382, రెండిటినీ మిక్సర్ అనే భాగంలో కలిపితే తేడా 455 కిలోహెర్ట్జ్ బయటికొస్తుంది. ఏ స్టేషన్ పెట్టినా ఆసిలేటర్ కూడా దాంతోపాటే జరుగుతుంది కాబట్టి తేడా ఎప్పుడూ 455 దగ్గరే ఉంటుంది, ఇక ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే మంచి ఫిల్టరూ యాంప్లిఫయరూ కట్టుకుంటే చాలు. పాత రేడియో విప్పితే చదరంగా, నెత్తిన రంగు చుక్కతో చిన్న డబ్బాలు కనిపిస్తాయి చూడండి, మెకానిక్‌లు ఐఎఫ్‌టీలు అంటారు, వాటి పని ఇదే. 1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని కనిపెట్టాడు, సూపర్ హెటరోడైన్ అని పేరు. వందేళ్ళు దాటింది, మీ జేబులో ఫోన్‌లో కూడా సిగ్నల్‌ని మిక్సర్‌తో కిందికి దించే పనే జరుగుతోంది.

ఇంకొకటి కూడా చూడండి. స్టేషన్ వినిపిస్తుంటే రేడియోని బల్ల మీద గుండ్రంగా తిప్పండి, ఒక దిక్కులో గొంతు బాగా తగ్గుతుంది. లోపలున్న నల్లటి ఫెర్రైట్ కడ్డీయే యాంటెనా, దాని కొన స్టేషన్ వైపు చూస్తే సిగ్నల్ పట్టుకోలేదు. యాంటెనాకి దిక్కు ఉంటుంది అని పుస్తకంలో చదివినదానికీ చేత్తో తిప్పి వినడానికీ చాలా తేడా ఉంది.

కొనేటప్పుడు చూడాల్సింది ఫ్రీక్వెన్సీ

మనకి కావాల్సినవి లోరా (తక్కువ పవర్‌తో చిన్న కబుర్లని దూరం పంపే రేడియో పద్ధతి) మాడ్యూల్ ఉన్న ఈఎస్‌పీ32 (చిన్న కంప్యూటర్ లాంటి చిప్) బోర్డులు రెండు, ఒకటి పొలానికి, ఒకటి ఇంటికి. నేను వాడింది ఎస్ఎక్స్1276 చిప్ ఉన్నది. ఇవి ఆన్‌లైన్‌లో 433, 868, 915 అని మూడు రకాలుగా దొరుకుతాయి. మన దేశంలో లైసెన్స్ లేకుండా బయట వాడుకోడానికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ ఉంది, 2005 నుంచీ వదిలారు, తర్వాత 868 దాకా పెంచారు. కాబట్టి 868 అని రాసున్న బోర్డు కొని కోడ్‌లో 866 పెట్టుకోవాలి. 915 అమెరికా వాళ్ళది, మన దగ్గర 890 నుంచి 915 వరకు మొబైల్ ఫోన్లు టవర్‌కి మాట్లాడే బ్యాండ్, అక్కడ దూరడం నేరం. విషయమేంటంటే లైబ్రరీతో వచ్చే ఉదాహరణ కోడ్‌లో చాలాసార్లు 915 అనే ఉంటుంది, జనం అలాగే కాపీ కొట్టి ఎక్కించేస్తారు. ఆ ఒక్క అంకె మార్చండి.

బోర్డుని భూతద్దంతో చూడండి

ఇది తప్పకుండా చెయ్యండి. మాడ్యూల్ మీద మెరిసే చిన్న రేకు డబ్బా ఉంటుంది, అది క్రిస్టల్, 32 మెగాహెర్ట్జ్. పాటకి తాళంలా మొత్తం వ్యవస్థని నడిపేది ఇదే. చిప్ లోపల పీఎల్ఎల్ అనే సర్క్యూట్ ఈ 32ని చూసుకుంటూ 866 తయారుచేస్తుంది. క్రిస్టల్ పది లక్షల్లో పది వంతులు అటూ ఇటూ అయినా 866 దగ్గర 8.66 కిలోహెర్ట్జ్ తప్పుతుంది. రెండు బోర్డులు చెరోవైపు తప్పితే 17 దాటుతుంది. లోరాకి 125 కిలోహెర్ట్జ్ వెడల్పు కాబట్టి ఓర్చుకుంటుంది, సన్నటి బ్యాండ్‌లో నడిచే వేరే రకాలైతే ఒకదాని మాట ఒకటి వినదు.

ఆ తర్వాత మాడ్యులేటర్, మన ఒకట్లూ సున్నాలూ ఆ ఫ్రీక్వెన్సీ మీదకి ఎక్కేది ఇక్కడే. లోరాలో అయితే ఫ్రీక్వెన్సీని కింద నుంచి పైకి పిట్ట కూతలా జార్చుతారు, ఆ జారుడు ఎక్కడ మొదలైందన్నదే అక్షరం. ఇదంతా చిప్ లోపలే, కంటికి కనపడదు. తర్వాత పవర్ యాంప్లిఫయర్, అదీ చిప్‌లోనే.

కానీ చిప్ దాటి యాంటెనా సాకెట్ వైపు వెళ్ళే దారిలో నువ్వు గింజంత కాయిళ్ళూ కెపాసిటర్లూ వరసగా కనిపిస్తాయి, చాలామంది వీటిని పట్టించుకోరు. అవి రెండు పనులు చేస్తాయి. ఒకటి ఫిల్టర్: యాంప్లిఫయర్ 866తో పాటు దాని రెట్టింపు 1732 కూడా కొంచెం పుట్టిస్తుంది, అది సరిగ్గా 1800 మొబైల్ బ్యాండ్‌లో పడుతుంది, దాన్ని ఇక్కడే ఆపెయ్యాలి. రెండోది మ్యాచింగ్: చిప్ కాలు దగ్గరి ఇంపిడెన్స్‌ని, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డుని, 50 ఓమ్‌లకి తేవడం. మ్యాచ్ కాకపోతే పంపిన పవర్‌లో కొంత వెనక్కి కొడుతుంది. అందుకే ఒక నియమం: యాంటెనా బిగించకుండా ట్రాన్స్‌మిట్ చెయ్యొద్దు. వెళ్ళే దారి లేక పవరంతా వెనక్కొచ్చి యాంప్లిఫయర్‌నే కాలుస్తుంది, నా ఎక్కువ పవర్ మాడ్యూల్ అలాగే పోయింది, పొగ కూడా రాలేదు, ఊరికే మూగబోయింది.

లెక్క వేద్దాం, భయపడకండి, కూడికలే

డీబీ అంటే డెసిబెల్, పవర్ ఎన్ని రెట్లో చెప్పే కొలత, భయం వద్దు. 3 డీబీ పెరిగితే పవర్ రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. ఒక మిల్లీవాట్‌ని 0 డీబీఎం అంటారు. మన మాడ్యూల్ 14 డీబీఎం, అంటే 25 మిల్లీవాట్లు. ఒక ఎల్ఈడీ బల్బు తినేదానికంటే తక్కువ.

దారిలో ఎంత పోతుంది? 32.44కి ఫ్రీక్వెన్సీ లాగరిథంకి (పది ఆధారంగా) 20 రెట్లు, దూరం లాగరిథంకి 20 రెట్లు కలపాలి, ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లో, దూరం కిలోమీటర్లలో. 866కి 58.75 వస్తుంది, 3కి 9.54. మొత్తం 101 డీబీ అనుకోండి. రెండు వైపులా యాంటెనాలు చెరో 2 డీబీ లాభం ఇస్తాయి, కేబుళ్ళూ కనెక్టర్లూ రెండు వైపులా కలిపి 2 తింటాయి. 14 ప్లస్ 2 ప్లస్ 2 మైనస్ 2 మైనస్ 101, మైనస్ 85 డీబీఎం ఇంటికి చేరుతుంది. రిసీవర్ స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఎస్ఎఫ్, ఒక్కో అక్షరాన్ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే అంకె) 7లో మైనస్ 123 దాకా వినగలదు. ఇంకా 38 డీబీ చేతిలో మిగిలింది!

ఇప్పుడు చూడండి అసలు సంగతి. ఖాళీ ఆకాశంలో దూరం రెట్టింపు కావాలంటే 6 డీబీ కావాలి, అంటే పవర్ నాలుగు రెట్లు పెంచాలి, బ్యాటరీ కూడా అంతే తింటుంది. అదే సన్నటి ఆర్‌జీ58 కేబుల్ పది మీటర్లు వాడితే ఈ ఫ్రీక్వెన్సీలో దగ్గర దగ్గర 5 డీబీ కేబుల్‌లోనే ఆవిరైపోతుంది. మీరు నాలుగు రెట్ల పవర్ కొని దాన్ని కేబుల్‌కి తినిపిస్తున్నారన్నమాట. పంపేవైపు పవర్ పెంచితే వినేవైపు చెవి పెరగదు కూడా, మంచి యాంటెనా అయితే పంపేటప్పుడూ వినేటప్పుడూ రెండిటికీ లాభమే.

నేను కేబుల్ సమస్యని వేరేలా దాటాను: బోర్డునే డబ్బాలో పెట్టి గడ పైకి ఎక్కించేశాను, కింద నుంచి పైకి ఆర్ఎఫ్ కేబుల్ బదులు 12 వోల్టుల కరెంట్ వైర్ వెళ్తుంది, పైన దాన్ని 5 వోల్టులకి దించుకుంటాను. కరెంట్ వైర్ ఎంత పొడుగైనా ఆర్ఎఫ్‌కి నష్టం లేదు. మీకు కిందే కావాలంటే డిష్ టీవీ ఆర్‌జీ6 కేబుల్ వాడినా కొంప మునగదు. అది 75 ఓమ్‌లు, మనది 50, తప్పే కదా అంటారు, లెక్కవేస్తే ఆ తేడాకి ఒక్కో అతుకు దగ్గర వెనక్కొచ్చేది 4 శాతమే. సన్నటి కేబుల్ తినే దానితో పోలిస్తే అదేం లెక్క.

యాంటెనా, నా రెండు నెలల కథ

866కి తరంగం పొడవు 34.6 సెంటీమీటర్లు, దాని పావు వంతు 8.7, తీగలో కొంచెం పొట్టిగా ఉండాలి కాబట్టి 8.2 దగ్గర కత్తిరించాలి. ఇంటి వైరింగ్‌కి వాడే మందపాటి రాగి తీగ చాలు. గోడకి బిగించే రకం కనెక్టర్ నడిమి పిన్‌కి నిలువుగా ఒక తీగ, దాని నాలుగు మూలల రంధ్రాలకి నాలుగు తీగలు, ఒక్కోటి 8.7 పొడవు, గొడుగు ఊచల్లా కిందికి 45 డిగ్రీలు వంచండి. అలా వంచితే ఇంపిడెన్స్ 50 దగ్గరకి వస్తుంది, తిన్నగా ఉంచితే తక్కువుంటుంది. నానోవీఎన్ఏ (యాంటెనా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపించే చిన్న పరికరం) ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకుని చూడండి, తీగ కొంచెం పొడుగ్గా కత్తిరించి మిల్లీమీటర్ మిల్లీమీటర్ తగ్గించుకుంటూ రావాలి, పొట్టిదైపోతే మళ్ళీ పెరగదు కదా. రెండు వైపులా నిలువుగానే పెట్టండి, ఒకటి నిలువు ఒకటి అడ్డం అయితే సిగ్నల్ చాలా చచ్చిపోతుంది. ఇనప పైపుకి ఆనించొద్దు, మా గడ వెదురుది.

ఇది నేను తర్వాత నేర్చుకున్నాను, మొదట్లో మాత్రం రెడీమేడ్ కర్ర యాంటెనాలు కొన్నాను. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేశాయి. వీధి చివరకి వెళ్ళేసరికి పోయింది, నలభై మీటర్లు కూడా రాలేదు. కోడ్ మార్చాను, బోర్డు మార్చాను, ఎక్కువ పవర్‌ది కొన్నాను. వారాలు గడిచాయి, చిన్నాన్న అడగడం మానేశాడు, అదింకా బాధ. ఒకరోజు ఎందుకో యాంటెనా విప్పి టార్చి వేసి చూస్తే, బోర్డు సాకెట్ మధ్యలో రంధ్రం ఉంది, యాంటెనా మధ్యలో కూడా రంధ్రమే ఉంది. రంధ్రానికి రంధ్రం! బయట మర చక్కగా బిగుస్తుంది, లోపల తీగ తీగకి తగలనే లేదు. ఈ కనెక్టర్లలో ఎస్ఎంఏ అని ఒకటి, ఆర్‌పీ ఎస్ఎంఏ అని ఒకటి ఉంటాయి, వైఫై రౌటర్ల యాంటెనాలు ఎక్కువగా రెండో రకం. మర ఒకటే, పిన్నూ రంధ్రమూ తారుమారు. ఇంతకాలం నా సిగ్నల్ ఆ సందులోంచి కారిన చెమ్మలా వెళ్ళింది. మీరు కొనగానే మొదట చెయ్యాల్సింది ఇదే, ఒకవైపు పిన్ ఉండాలి, రెండోవైపు రంధ్రం ఉండాలి.

పొలం వైపు: మూడు పాత ఛార్జర్లు

కరెంట్ వచ్చిందని బోర్డుకి ఎలా తెలుస్తుంది? ప్రతి ఫేజ్‌కి ఒక పాత మొబైల్ ఛార్జర్. కరెంట్ ఉంటే 5 వోల్టులు వస్తాయి, బోర్డు పిన్ 3.3 మాత్రమే ఓర్చుకుంటుంది కాబట్టి 10 కిలో ఓమ్, 20 కిలో ఓమ్ రెసిస్టర్లతో పంచి, 20 మీది వోల్టేజీ పిన్‌కి ఇవ్వండి. మూడు ఛార్జర్ల మైనస్‌లు బోర్డు గ్రౌండ్‌కి కలపాలి. బోర్డుకి మాత్రం బ్యాటరీ, లేకపోతే కరెంట్ లేదన్న కబురు ఎవరు చెప్తారు.

స్టార్టర్ పెట్టెలో పని ఎలక్ట్రీషియన్‌తోనే, మెయిన్ తీసేసి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే. ఛార్జర్‌కి ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా కావాలి, కానీ మన పొలాల్లో చాలాచోట్ల న్యూట్రల్ తీగే ఉండదు, భూమిలో ఊచ పాతి నడిపించేస్తుంటారు, దాన్ని న్యూట్రల్‌గా వాడొద్దు, మనుషులు పోతారు. ఇంకో కిటుకు: మోటార్ తిరుగుతుండగా ఒక ఫేజ్ పోతే, తిరిగే మోటారే ఆ పోయిన తీగలో వోల్టేజీ పుట్టిస్తుంది, మన ఛార్జర్ మోసపోయి ఫేజ్ ఉందనే చెప్తుంది. మోటార్ ఆగి ఉన్నప్పుడు చూపించిన లైటే నమ్మండి.

ఇంటి బోర్డుకి ఎరుపు, పసుపు, నీలం ఎల్ఈడీలు మూడు పెట్టాను, ఆర్ వై బి ఫేజులకి. నిమిషానికోసారి పొలం నుంచి కబురొస్తుంది, ఎస్ఎఫ్ 7లో అది గాల్లో ఉండేది 40 మిల్లీసెకన్లు. ఎస్ఎఫ్ 12 పెడితే ఇంకా దూరం వెళ్తుంది కానీ అదే కబురుకి సెకను పడుతుంది, బ్యాటరీ హారతి కర్పూరం. రెండు బోర్డుల్లో ఫ్రీక్వెన్సీ, బ్యాండ్‌విడ్త్ (వెడల్పు), ఎస్ఎఫ్, సింక్ వర్డ్ (మన కబురేనని గుర్తుపట్టే సంకేతం) నాలుగూ ఒకేలా ఉండాలి, ఒకటి తేడా వచ్చినా ఎంత దగ్గర పెట్టినా వినపడదు.

దారి: కంటికి కనపడితే సరిపోదు

మేడ మీంచి పొలం కొబ్బరిచెట్టు కనిపిస్తోంది కదా, ఇంక అడ్డేముంది అనుకున్నాను. రేడియో తరంగం గీతలా వెళ్ళదు, కందికాయలా మధ్యలో ఉబ్బి వెళ్తుంది, దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. మూడు కిలోమీటర్లకి 866లో మధ్యలో ఆ ఉబ్బు సగం మందమే 16 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే చూపు గీత కింద దాదాపు పది మీటర్లు ఖాళీ ఉండాలి. మా దారి మధ్యలో మామిడి తోట ఉంది, తోట పైనుంచి చెట్టు కనిపిస్తుంది నిజమే, కానీ ఆ ఉబ్బు కింది భాగం తోటలో ముంచినట్టే.

లెక్క ప్రకారం మైనస్ 85 రావాలి, నాకొచ్చింది మైనస్ 103. మేడ మీద గడ ఇంకో నాలుగు మీటర్లు ఎత్తితే మైనస్ 94కి వచ్చింది. తొమ్మిది డీబీ, అంటే ఎనిమిది రెట్ల పవర్ పెంచినట్టు, ఖర్చు ఒక వెదురు గడ! వానలో ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు, డిష్ టీవీ పోతుంది కదా అని. డిష్ 10 గిగాహెర్ట్జ్ పైన నడుస్తుంది, అక్కడ వాన చుక్కలు అడ్డం. 866కి వాన లెక్కే కాదు, తడిసిన ఆకులు మాత్రం లెక్కే, జులైలో నాకు మూడు నాలుగు డీబీ తగ్గుతుంది. అందుకే ఆ మిగులు ఉంచుకోవాలి, వేసవిలో అంచుమీద పనిచేసే లింక్ వానాకాలంలో పోతుంది.

రిసీవర్ వైపు ఒక్క మాట

యాంటెనా తర్వాత మొదట వచ్చేది లో నాయిస్ యాంప్లిఫయర్. వేడి వల్ల ప్రతి వస్తువులోనూ మోత ఉంటుంది, ఒక హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎం, 125 కిలోహెర్ట్జ్ వెడల్పుకి మైనస్ 123. మొదటి యాంప్లిఫయర్ దానికి ఎంత సొంత మోత కలుపుతుందో దాన్ని వెనకున్న ఏ భాగమూ తీసెయ్యలేదు, సిగ్నలూ మోతా కలిసే పెరుగుతాయి. మోత కంటే కింద ఉన్న సిగ్నల్‌ని కూడా లోరా పట్టగలదు, అందుకే ఈ పనికి దాన్ని ఎంచుకున్నాను. ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బులూ ఇన్వర్టరూ పుట్టించే మోత మాత్రం వేరే సంగతి, యాంటెనాని వాటికి దూరంగా ఉంచండి.

గాలివాన కోసం

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి, రాయగడ వైపు ఏం జరిగిందో చూసినవాళ్ళకి గడ ఎలా కట్టాలో చెప్పక్కర్లేదు. మూడు వైపులా నైలాన్ తాళ్ళతో లాగి కట్టండి, ఇనప తీగ వద్దు, యాంటెనాకి దగ్గరైతే చెడగొడుతుంది. కనెక్టర్ మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు వెయ్యండి, మామూలు నల్ల టేపు ఒక ఎండాకాలానికే జిగురు కారిపోతుంది. వైరు డబ్బాలోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిప్పండి, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. డబ్బా అడుగున చిన్న రంధ్రం. మెరుపులప్పుడు గడ ముట్టుకోవద్దు, వీలైతే వైరు పీకెయ్యండి. దసరా ముందు ఒకసారి టేపు విప్పి చూడండి, రాగి మీద పచ్చటి చిలుము కనిపిస్తే ఆ కనెక్టర్ కోసి కొత్తది వెయ్యండి, రుద్ది లాభం లేదు.

లైట్ వెలిగిన మొదటి రాత్రే చిన్నాన్న అడిగాడు, "ఇక్కణ్ణుంచే మోటార్ ఆన్ చేసేద్దామేటి?" అని. చెయ్యొచ్చు, కానీ తొందరపడొద్దు. ఆన్ కబురు చేరి ఆఫ్ కబురు చేరకపోతే బావి ఎండిపోయి మోటార్ కాలిపోతుంది. పొలం బోర్డు ప్రతి కబురుకీ అందిందని జవాబివ్వాలి, ఐదు నిమిషాలు ఇంటి మాట వినపడకపోతే తనంతట తనే మోటార్ ఆపెయ్యాలి, పొలంలో మనిషి చేత్తో తీసేసే స్విచ్ ఈ రేడియో కంటే ముందుండాలి. ఈ మూడూ పెట్టేదాకా మాది మూడు లైట్లే.